బావమరిది అనే అమైనో ఆమ్లం

మా తమ్ముడికి తెలియని విషయం లోకంలో లేదు. ఒకవేళ ఉంటే, అది తెలుసుకోదగ్గ విషయం కాదని వాడి ఉద్దేశం. మాంసం కొట్టు నడుపుతాడు. పొద్దున్నే షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి మధ్యాహ్నం మొద్దు కడిగేదాకా వాడి కత్తి ఎంత ఆడుతుందో, నోరు దానికి రెట్టింపు ఆడుతుంది. ఎవరి మోకాలికి ఏ నూనె రాయాలో, ఎవరి స్కూటరు ఎందుకు స్టార్టవ్వడం లేదో, ఏ ప్రభుత్వం ఎప్పుడు పడిపోతుందో, ఎముకలు కొడుతూనే చెప్పేస్తాడు. నేను వాడి అక్కని. కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. వాడు చెప్పేవన్నీ వినక తప్పని ప్రాణిని నేనొక్కదాన్నే. కొక్కేలకు వేలాడేవాటికి ఆ బాధ ముందే తీరిపోయింది.

చదువులో మాత్రం వాడు సున్నా. ఆమ్లం అంటే ఏమిట్రా అని కెమిస్ట్రీ మాస్టారు అడిగితే, "మా అక్కకి కోపం వచ్చినప్పుడు చూడండి సార్, తెలుస్తుంది" అన్న ఘనుడు. ఆ మాటకి బడిలో తిన్న దెబ్బల కంటే ఇంట్లో నా చేతిలో తిన్నవే ఎక్కువ. అలాంటివాడు ఇవాళ అరకిలో కైమా కోసం వచ్చినవాళ్లకి పెప్టైడ్ బంధం గురించి చెబుతాడు. వీధిలో అందరూ వాణ్ణి ప్రొఫెసర్ అంటారు. వాళ్లు వెక్కిరింతకే అంటారు గానీ, వీడు దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాడు.

ఈ పిచ్చి వాడికి పాప పుట్టాక పట్టింది. పాప పుట్టిన మర్నాడో ఆ మర్నాడో ఆసుపత్రివాళ్లు దాని మడమ మీద సూదితో గుచ్చి, ఒక అట్టముక్క మీద రక్తపు చుక్కలు అద్దుకుని వెళ్లారు. పుట్టిన ప్రతి బిడ్డకీ చేసే పరీక్షే కదా అని ఎవరమూ పట్టించుకోలేదు. వారం తిరక్కుండా ఫోను వచ్చింది, వెంటనే బిడ్డను తీసుకుని రమ్మని. ముగ్గురం వెళ్లాం, పాపతో నలుగురం.

"ఈ పాపకి మాంసకృత్తులు పడవు," అంది డాక్టరమ్మ.

"అంతేనా? మాంసం పెట్టం. మా కొట్టువైపు కూడా రానివ్వం," అన్నాడు తమ్ముడు.

"మాంసం ఒక్కటే కాదు. గుడ్డు, చేప, పాలు, పప్పులు, గింజలు అన్నీ వద్దు. అన్నం, రొట్టె, బంగాళాదుంప కూడా తూచి పెట్టాలి."

మరదలు పాపను గుండెకి అదుముకుంది. "నా పాలండీ?"

"అవి కూడా లెక్క ప్రకారమేనమ్మా."

"ఎన్నాళ్లు?" అన్నాడు వాడు.

"బతికినన్నాళ్లూ. పెట్టకూడనిది పెడితే మెదడు దెబ్బతింటుంది. లెక్క తప్పకుండా చూసుకుంటే మాత్రం మామూలు పిల్లే. అందరిలాగే చదువుతుంది, అందరిలాగే మీ మాట వినదు."

మాంసం కొట్టువాడి కూతురికి మాంసకృత్తులు పడవన్న సంగతి సాయంత్రానికల్లా వీధంతా పాకింది. కొందరు అయ్యో అన్నారు. కొందరు, నవ్వు ఆపుకోలేక, దగ్గు వచ్చినట్టు నటించారు. నాకు ఆ దగ్గులన్నీ గుర్తున్నాయి. వాళ్లకి ఇప్పటికీ ఎముకలే ఎక్కువ తూగుతాయి.

ఆసుపత్రిలో తల్లిదండ్రులకు క్లాసు పెడతారు. మరదలు పచ్చి బాలింత, అందుకని తమ్ముడొక్కడే వెళ్లాడు. పాఠం చెప్పేది డైటీషియనమ్మ. సన్నగా ఉంటుంది, మెల్లగా మాట్లాడుతుంది, ఎవరు అడ్డొచ్చినా ఆగి, వాళ్లు అయ్యాక మళ్లీ అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది. మర్నాడు కొట్లో మొద్దు మీద కత్తి దించకముందే వాడు పాఠం దించాడు. ఎదురుగా ఒక రిటైర్డు పోస్టుమాన్, చేతిలో సంచితో.

"మాంసకృత్తు అంటే ఏంటనుకుంటున్నారు? దండండీ, పూసల దండ. పూసని అమైనో ఆమ్లం అంటారు. ఇరవై రకాల పూసలు. ప్రతి పూసకీ రెండు చేతులు, ఒకటి అమీన్ చెయ్యి, ఒకటి ఆమ్లం చెయ్యి. దీని ఆమ్లం చెయ్యి దాని అమీన్ చేతిని పట్టుకుంటుంది. ఆ పట్టే పెప్టైడ్ బంధం."

"కైమా కొట్టవయ్యా బాబూ."

"కొడతాను. నేను కీలు చూసి కత్తి వేస్తానా లేదా? పొట్ట కూడా అంతే. పూసకీ పూసకీ మధ్య ఆ కీలు చూసి తెంపుతుంది. ఇంకో సంగతి. రెండు పూసలు కలిసినప్పుడు ఒక నీటి చుక్క బయటికి పోతుందట. విడగొట్టాలంటే ఆ నీళ్లు మళ్లీ కలపాలట."

"నీళ్లు కలపడం నీకొకళ్లు నేర్పాలా ప్రొఫెసరూ, తూకంలో కనబడుతూనే ఉంది," అన్నాడు పోస్టుమాన్.

ఆ ఇరవై పూసల్లో ఒకదాని పేరు ఫినైలలానిన్. మామూలు మనుషుల కార్జంలో ఒక గుమాస్తా ఉంటాడట. ఎంజైమ్ అంటారు. వచ్చిన ఫినైలలానిన్‌ని వచ్చినట్టే పట్టుకుని, టైరోసిన్ అనే వేరే పూసగా మార్చి పనిలోకి పంపిస్తాడు. మా పాప కార్జంలో ఆ గుమాస్తా పుట్టుకతోనే లేడు. ఆ పూస ఎటూ పోలేక రక్తంలో పేరుకుపోయి మెదడుకి చేటు చేస్తుంది. ఇది విన్న మర్నాడు మా వాడు తాజా కార్జం ఒకటి నిలువునా కోసి, లైటు కింద పెట్టి చాలాసేపు చూశాడు. "రోజూ ఇన్ని కోస్తాను అక్కా, ఆ గుమాస్తా ఒక్కడూ కంటికి కనబడలేదు," అన్నాడు. నేను నవ్వలేదు. వాడు నిజంగానే వెతుకుతున్నాడు.

ఫినైలలానిన్ అన్న పేరు నోరు తిరక్క, వాడు దానికి బావమరిది అని పేరు పెట్టాడు. "వస్తాడు, కూర్చుంటాడు, పొమ్మనేవాడు ఉండడు, ఇల్లు గుల్ల చేస్తాడు" అని వివరణ. ఆ మాట అన్నప్పుడు అసలు బావమరిది, అంటే మరదలి తమ్ముడు, ఎదురుగా కూర్చుని రెండోసారి వడ్డించుకుంటున్నాడు. బేకరీ వ్యాను నడుపుతాడు, ఇంకా పెళ్లి కాలేదు, ఆదివారం భోజనం అక్కగారింట్లోనే.

"బావా, నేను వెళ్లాలా?"

"నిన్ను కాదురా, కెమిస్ట్రీని అన్నాను. అయినా పూర్తిగా తరిమేయకూడదట. పిల్ల ఎదగడానికి ఆ పూస కూడా కొంచెం కావాలి. వారానికి ఒకసారైతే పరవాలేదు."

అప్పట్నుంచి ఆ ఇంట్లో వంటింటి తక్కెడదే రాజ్యం. బంగాళాదుంప ముక్క దగ్గర్నుంచి అన్నం మెతుకు దాకా తూకం పడాల్సిందే. పాప కడుపు నింపడానికి ఒక పొడి ఇస్తారు. మిగతా పూసలన్నీ విడివిడిగా కలిపి, బావమరిదిని ఒక్కణ్ణే బయట పెట్టిన పొడి. నీళ్లలో కలిపితే నానబెట్టిన గోనెసంచి వాసన వస్తుంది. రోజూ పొద్దున్న వాడు ముందు ఒక గుక్క తాగి, "ఆహా, అమృతం" అని గ్లాసు పాపకి ఇచ్చేవాడు. నాలుగేళ్లప్పుడు అది వాడి మొహంలోకి చూసి, "నాన్నా, అబద్ధం. నీ ముక్కు చెప్పేస్తోంది," అంది. అయినా తాగింది.

దానికి తండ్రి నోరు, నా కోపం వచ్చాయి. తల్లి దగ్గర్నుంచి ఓర్పు వచ్చింది కాబట్టి బతికిపోయాం. బడికి వెళ్లాక పక్కపిల్లల డబ్బాలు చూసి లొట్టలు వేయలేదు. "అది నా కార్జానికి పడదు" అని చెప్పి పక్కకి జరిగేది. ఎక్కాలు గడగడా చెప్పేది. తక్కెడ ముల్లు మనకంటే ముందు చూసేది. తమ్ముడికి ఇక పట్టపగ్గాల్లేవు. ఆసుపత్రివాళ్లు ఏడాదికోసారి క్లాసుకి రమ్మంటే, "నాకు చెప్పేదేముంది, అక్కడికెళ్తే నేనే చెప్పాలి" అని మానేశాడు. మరదలు వెళ్తానన్నా, "నేనున్నానుగా" అన్నాడు. ఆవిడ ఇంటి పనికి తోడు నాలుగిళ్ల బట్టలు కుడుతుంది. సరేలే అనుకుంది.

రెండో తరగతిలో ఉండగా పాప దవడ పన్ను పుచ్చింది. అన్నీ తూచి పెట్టే పిల్లకి ఆకలి తీర్చేవి పంచదార సరుకులే కాబట్టి అది వింతేమీ కాదు. పళ్ల డాక్టరు పన్ను పీకి, తండ్రికి చీవాట్లు పెట్టి, పంచదార తగ్గించమన్నాడు. వాడు దుకాణాలన్నీ తిరిగి, చక్కెర లేని నారింజ డ్రింకు ఒకటి పట్టుకొచ్చాడు. సీసా మీద ప్రొటీన్ సున్నా, చక్కెర సున్నా. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. ఆ రెండు సున్నాలనీ నాకు చూపించి, మరదలికి చూపించి, పోస్టుమాన్‌కి కూడా చూపించాడు.

"ఇది నువ్వు ఎంత కావాలంటే అంత తాగొచ్చురా తల్లీ," అన్నాడు పాపతో.

"తూచక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"నిజంగా?"

"నాకు తెలుసుగా."

అది ఒక గ్లాసు తాగింది. తండ్రి మొహం చూసింది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి తనే ఇంకో గ్లాసు పోసుకుంది. మర్నాడు కొట్లో వాడు చేతులకి రక్తం ఉండడంతో మోచేత్తో కళ్లు తుడుచుకుంటూ, "అక్కా, అది పుట్టి బుద్ధెరిగాక రెండోసారి పోసుకోవడం ఇదే మొదలు," అన్నాడు. ఆ రోజు వాణ్ణి చూస్తే నాకు ముద్దొచ్చింది. ఆ మాట వాడికి చెప్పలేదు.

పాప వేలు గుచ్చి, అట్టమీద చుక్కలు అద్ది ఆసుపత్రికి పంపడం మామూలే. ఆ తర్వాత పంపిన అట్టకి, రక్తంలో ఆ పూస లెక్క పెరిగిందని డైటీషియనమ్మ ఫోను చేసింది. కొత్తగా ఏమైనా తింటోందా అని అడిగింది.

"నా ఇంట్లో నాకు తెలియకుండా చీమ కూడా మెతుకు ఎత్తుకుపోదండీ," అన్నాడు వీడు.

"ఒకసారి వచ్చి కలవండి."

"నేను చూసుకుంటానుగా."

ఆ తర్వాతి అట్టకి ఇంకా పెరిగింది. బడి గేటు దగ్గర టీచరు మరదల్ని ఆపి, పాప కిటికీలోంచి చూస్తూ కూర్చుంటోందని, వచ్చిన ఎక్కాలు మరిచిపోతోందని, నిన్న పక్కపిల్లని తోసిందని చెప్పింది. నేను పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏమయిందని అడిగాను. "ఏడో ఎక్కం ఉందత్తా, లోపలే ఉంది. మధ్యలో పొగ ఉంది," అంది.

తమ్ముడు దొంగని పట్టడానికి బయల్దేరాడు. ఫ్రిజ్‌కి గొలుసు, తాళం వేశాడు. బడికెళ్లి పక్కపిల్ల డబ్బా వాసన చూసి, ఆ పిల్ల తల్లితో మాటలు పడ్డాడు. నా చేతిసంచీ వెతికాడు. అందులో వక్కపలుకులు దొరికితే వాటిలో ఎన్ని పూసలుంటాయని నన్నే అడిగాడు. ఆ రోజు వాడి నెత్తి పగలకపోవడానికి కారణం, నా చేతికి అందే దూరంలో బరువైనది లేకపోవడమే. చివరికి వాడి చూపు బేకరీ వ్యాను మీద పడింది. ఆదివారం బావమరిది ఇంకా చెప్పులు విప్పకముందే, "జేబులు చూపించు," అన్నాడు.

"ఏంటి బావా?"

"రొట్టెలు, కేకులు నీ చేతిలో ఉంటాయి. ముద్దొచ్చి పెట్టి ఉంటావు. ఒప్పేసుకో, ఏమీ అనను."

"దానికి పడదని తెలిసి నేను పెడతానా? నా మేనకోడలు అది!"

"జేబులు."

వాడు వెతికాడు. జేబులోంచి రొట్టె పొడి రాలింది. బేకరీలో పనిచేసేవాడి జేబులో ఇంకేం రాలుతుంది, బంగారమా? తమ్ముడు మాత్రం ఆ పొడిని అరచేతిలో పోసుకుని అందరికీ చూపించి, "ఇక నా గడప తొక్కకు," అన్నాడు. బావమరిది విప్పని చెప్పులతోనే మెట్లు దిగిపోయాడు. మరదలు అప్పుడే చెప్పేసింది, తన తమ్ముడు మళ్లీ ఆ గడప తొక్కేదాకా మొగుడితో మాట్లాడనని. ఆవిడ మాటంటే మాటే. "వదినా, మీ తమ్ముడికి ఉప్పు సరిపోయిందేమో కనుక్కోండి," అనేది, వాడు మూరెడు దూరంలో కూర్చుని ఉండగా.

దొంగని తరిమేశానన్న ధీమాతో వాడు పాప తిండి ఇంకా కోశాడు. బంగాళాదుంప సగమయింది, అన్నం పిడికెడయింది. పిల్ల ఆకలని ఏడిస్తే వాడి గుండె తరుక్కుపోయి ఇంకో సీసా తెరిచేవాడు. అది ఒక్కటీ తూచక్కర్లేనిది కదా. సీసాలు పెట్టెలకొద్దీ వచ్చాయి. లెక్క మాత్రం ఆకాశాన్ని అంటింది. ఈసారి డాక్టరమ్మే ఫోను చేసింది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చుకోవాలని, పోయిన చురుకంతా తిరిగి వస్తుందని తాను మాట ఇవ్వలేనని చెప్పింది. ఫోను పెట్టేశాక వాడు గోడకి ఆనుకుని నేలమీద కూలబడ్డాడు. అయినా, "ఇంకెవడో ఉన్నాడక్కా," అన్నాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికేవాళ్ల గురించి విన్నాను గానీ, అదెలా ఉంటుందో అప్పుడే చూశాను.

డైటీషియనమ్మకి మనుషుల సంగతి తెలుసు. రమ్మంటే వీడు రాడని గ్రహించి, "కొత్తగా ఒక జంట వచ్చారు, పసిబిడ్డకి ఇదే జబ్బు, బాగా భయపడుతున్నారు. మీలాంటి అనుభవజ్ఞులు వచ్చి నాలుగు మాటలు చెబితే బాగుంటుంది," అంది. అంత దిగులులోనూ వీడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్లాం మాట్లాడదు కాబట్టి తోడుకి నన్ను లాక్కెళ్లాడు.

ఆసుపత్రి గదిలో ఒక బల్ల, దానిమీద రంగురంగుల ప్లాస్టిక్ పూసలు. ఒకదాని కొక్కెం ఇంకోదాని కన్నంలో టక్కున పడుతుంది. ఆ జంట చేతులు పట్టుకుని కూర్చున్నారు. అమ్మాయి కళ్లు వాచి ఉన్నాయి. తమ్ముడు దండ గుచ్చి, కీళ్లు చూపించి, పొట్ట ఎలా తెంపుతుందో, గుమాస్తా ఎలా లేడో అరగంట చెప్పాడు. బాగానే చెప్పాడు, ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని వినసాగింది. డైటీషియనమ్మ అంతా అయ్యేదాకా ఆగి, రెండే రెండు పూసలు తీసుకుంది. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. ఎరుపంటే బావమరిది. రెంటినీ టక్కున కలిపింది.

"దండ ఎంత చిన్నదైనా ఉండొచ్చు. ఇదిగో, రెండే పూసలు. తెల్లది ఆస్పార్టిక్ ఆమ్లం, ఎర్రది మనకి పడని ఫినైలలానిన్. దీని చివర చిన్న టోపీ ఒకటి పెడితే విచిత్రమైన పని చేస్తుంది, నాలుకకి తియ్యగా తగులుతుంది. చక్కెర కంటే ఎన్నో రెట్లు తీపి. పేరు ఆస్పర్టేమ్."

"ప్రొటీన్ తియ్యగా ఉంటుందా అండీ?" అన్నాడు ఆ అబ్బాయి.

"రెండు పూసల్ని ప్రొటీన్ అనరండీ. అందుకే దీన్ని కలిపిన సీసా మీద ప్రొటీన్ సున్నా అనే రాస్తారు, అందులో అబద్ధమేమీ లేదు. చక్కెర లేని డ్రింకుల్లో, చూయింగ్ గమ్ముల్లో చాలావాటిలో ఉంటుంది."

తమ్ముడు ఆ రెండు పూసలనీ ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. మధ్యలో గోరు పెట్టి విడదీశాడు. ఎర్రపూస బల్ల మీద దొర్లి అంచు దగ్గర ఆగింది.

"దీన్ని కూడా తెంపుతుందా పొట్ట?" అన్నాడు.

"కీలు ఎక్కడుంటే అక్కడ తెంపుతుందని మీరే చెప్పారుగా." అప్పుడు ఆవిడ వాడి మొహం చూసింది. "ఏం ఇస్తున్నారండీ పాపకి?"

"నారింజ డ్రింకు."

"ఎంత?"

"తూచలేదండీ. తూచక్కర్లేదని చెప్పాను దానికి."

ఆవిడ ఎర్రపూసని అంచు దగ్గర్నుంచి తీసి పక్కన పెట్టి అంది, కోపం లేకుండా. "మీకు మొదటి క్లాసులోనే చెప్పాను ఈ సంగతి."

"నేను విన్లేదు."

"అవును. మీరు మాట్లాడుతున్నారప్పుడు."

బస్సులో వాడు నోరు విప్పలేదు. వీడు నోరు మూసుకుంటే ఎలా ఉంటాడో చూడాలని పుట్టినప్పట్నుంచీ నాకు కోరిక. చూశాక మాత్రం, ఎవరి స్కూటరు గురించైనా, ఏ ప్రభుత్వం గురించైనా ఏదో ఒకటి వాగితే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చి సీసాలన్నీ తెచ్చి సింకులో ఒంపడం మొదలుపెట్టాడు. మరదలు ఒక సీసా తీసుకుని, లేబులు మడత పడిన చోట వేలుపెట్టి చదివింది. అన్నాళ్ల తర్వాత మొగుడితో ఆవిడ మాట్లాడిన మొదటి మాట, "ఇక్కడ రాసే ఉంది కదండీ" అని. రాసే ఉంది. చీమతలకాయంత అక్షరాల్లో, ఫినైలలానిన్ కలదు అని. అన్నేళ్లు దాన్ని బావమరిది అని పిలిచిపిలిచి, వాడు అసలు పేరు కనబడితే గుర్తుపట్టే స్థితిలో లేడు. చూసేది కూడా ఒక్క ప్రొటీన్ గడినే.

పాప గుమ్మంలో నిలబడి చూస్తోంది. "నా డ్రింకు ఎందుకు పారబోస్తున్నావు?"

వాడు దాని ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఇందులో ఉందమ్మా నీకు పడనిది. నీ తలలో పొగ దీనివల్లే."

"మావయ్య పెట్టలేదా?"

"లేదు. నేనే పెట్టాను."

"నీకు తెలీదా?"

"తెలీదు."

"మరి తెలుసన్నావుగా," అంది. అరవలేదు, ఏడవలేదు. ఊరికే అడిగింది. మా వాడు లేచి మిగతా సీసాలు కూడా ఒంపేశాడు.

సాయంత్రం బేకరీకి నన్ను సాక్షిగా తీసుకెళ్లాడు. బావమరిది వ్యానులో ట్రేలు సర్దుతూ మా వైపు చూడకుండానే, "దొరికాడా దొంగ?" అన్నాడు.

"దొరికాడు. ఇంటిదొంగేరా."

"ఎవరు?"

"నేనే."

జరిగిందంతా చెప్పాడు, ఎక్కడా తగ్గించకుండా. బావమరిది ట్రే కింద పెట్టి, చేతులు దులుపుకుని, "జేబులు చూపించు బావా," అన్నాడు. బేకరీ పనివాళ్లంతా చూస్తుండగా మా ప్రొఫెసరు వీధిలో నిలబడి ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు. ఒకదాంట్లోంచి ఎముక పొడి రాలింది. బావమరిది దాన్ని వంగి మరీ పరీక్షించి, "ఎక్కండి, దింపేస్తాను," అన్నాడు. ఆ పూసకి ఇంకెప్పుడూ తన పేరు పెట్టనని దారిలో ఒట్టు వేయించుకున్నాడు. ఇంటి గడప మీద మరదలు వాళ్లిద్దరినీ చూసి, ముందు తన తమ్ముణ్ణి, తర్వాత మొగుణ్ణి, సమానంగా తిట్టింది.

లెక్క మెల్లగా దిగింది. ఏడో ఎక్కం తిరిగొచ్చింది, ఎనిమిదోది కొన్ని తప్పులతో వచ్చింది. కిటికీ వైపు చూడటం ఇంకా పూర్తిగా పోలేదు. పోతుందని డాక్టరమ్మ అంటోంది, నేను నమ్ముతున్నాను. నమ్మకపోతే నాకు నిద్ర పట్టదు. పాప మాత్రం ఒకరోజు తండ్రితో, "ఈసారి క్లాసుకి నేనొస్తాను. నువ్వు మాట్లాడకూడదు," అంది. వాడు తలూపాడు.

వెళ్లాం, అందరం. పాప ముందు కుర్చీలో, కాళ్లు నేలకి అందకుండా. వాడు వెనక బల్ల మీద, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని. డైటీషియనమ్మ పూసలు చూపిస్తుంటే అది ప్రశ్న మీద ప్రశ్న వేసింది. టోపీ ఎందుకు పెడతారు, తీపి అని నాలుకకి ఎవరు చెప్తారు, గుమాస్తాని ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకోవచ్చా. కొన్నింటికి జవాబులు వాడికి తెలుసు. నోటిదాకా వచ్చినవి మింగుతుంటే గొంతు కదలడం నాకు కనబడుతూనే ఉంది.

క్లాసు అయ్యాక ఆ కొత్త జంటలోని అమ్మాయి పాపని ముద్దుపెట్టుకుని, రంగు కాగితం చుట్టిన తీపి బిళ్ల ఒకటి చేతిలో పెట్టింది. తనూ ఆ పాఠం విన్నదే, ముద్దులో మరిచిపోయింది, పాపం. పాప దాన్ని అటూ ఇటూ తిప్పింది. కాగితం మీద బొమ్మ తప్ప అక్షరం లేదు. డైటీషియనమ్మ వైపు చూసింది. ఆవిడ కళ్లతో తండ్రిని చూపించింది.

"నాన్నా, ఇది తినొచ్చా?" అంది. వెంటనే వేలెత్తి, "ఊరికే చెప్పకు. తెలిస్తేనే చెప్పు," అంది.

వాడు బిళ్లని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"తెలీదమ్మా," అన్నాడు. "కనుక్కుని చెప్తాను."

"సరే," అంది పాప. బిళ్లని మళ్లీ తీసుకుని గుప్పిట్లో పెట్టుకుని, రెండో చేత్తో వాడి వేలు పట్టుకుని నడిచింది. ఇల్లు చేరేదాకా ఆ గుప్పిట విప్పలేదు. నాకు వెనక నడుస్తూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.